చప్పుడు కాని సంచి

మెదక్‌లో రాత్రిపూట సంచి వేసుకుని టపా కల్వర్టు దాటకూడదంటారు. చేతులూపుకుంటూ పొండి, పాటలు పాడుకుంటూ పొండి, ఏమీ కాదు. భుజాన సంచి ఉందా... అయిపోయారంతే.

రామాయంపేట రోడ్డెక్కే అడ్డదారిలో ఉంటుందా కల్వర్టు. ఒక పక్క కూలిపోయి బండ్లు పోవడం మానేసి చాలా ఏళ్ళయింది. వెనకటికి, టపాను మనుషులు భుజాన మోసుకెళ్ళే కాలంలో, ఎల్లం అనే అతను చేతికర్రకు గంట కట్టుకుని ఉత్తరాల సంచితో ఆ దారిన పరుగెత్తేవాడట. ఒక వానరాత్రి వాగు అతన్ని లాక్కుపోయింది. మర్నాడు మనిషి దొరికాడు, కర్ర దొరికింది. సంచి మాత్రం దొరకలేదు.

అప్పటినుంచి ఎవరి భుజాన సంచి చూసినా తన టపానే అనుకుని వెంటపడతాడట. వెనక నుంచి ఘల్... ఘల్... అని గంట వినిపిస్తుందట. సంచి కింద పడేస్తేనే వదులుతాడట.

నేను నమ్మను. నా పేరు నర్సింగం. బస్టాండు దగ్గర రెగ్జిన్ సీట్లు, బ్యాగులు కుడతాను. రోజూ రాత్రి దుకాణం మూసి, టిఫిన్ సంచి భుజాన వేసుకుని ఆ కల్వర్టు మీదుగానే ఇంటికి పోతాను. ఖాళీ డబ్బాతో ఎల్లానికేం పని అని నవ్వేవాణ్ణి కూడా.

ఇప్పుడు చెప్పేది మా పక్క వాడ పిల్ల ఆశ్రితకు జరిగింది. ఆమె చెప్పగా విన్నదే. మొదలు, చివరి ముక్క మాత్రం నా కళ్ళముందే జరిగాయి... ఆ చివరిది జరక్కపోయినా బాగుండేది.

ఆశ్రిత విల్లు పట్టిన పిల్ల. వేట పోటీలకు పోతుంది. వేటంటే కంగారు పడకండి. అడవిలో రబ్బరు పందుల్ని, రబ్బరు దుప్పుల్ని దాచిపెడతారు. విల్లు, తిండి, పక్కబట్టలు అన్నీ వీపున మోసుకుంటూ రెండు రోజులు నడిచి, వాటిని వెతికి కొట్టాలి. ప్రాణమున్నదాన్ని కొడితే జైలు, రబ్బరుదాన్ని కొడితే మెడల్.

అసలు చిక్కు బయలుదేరేముందే ఉంది. సంచి వేసుకుని పదిసార్లు ఎగరమంటారు. ఏ కాస్త చప్పుడైనా అక్కణ్ణుంచే ఇంటికి పంపేస్తారు. నిరుడు ఆశ్రిత సంచిలో స్టీలు గిలాస టింగుమంది. పాపం, ఒక్క బాణం వేయకుండానే తిరిగొచ్చింది. ఈ ఏడు దాటితే వయసు దాటిపోతుంది. మళ్ళీ పోటీ అన్న మాటే ఉండదు.

అందుకే పోటీకి ముందురోజు సామానంతా తెచ్చి నా దుకాణంలో పరిచింది.

“కాకా, ఈపారి సంచి చప్పుడు చేసిందంటే నా పని ఖతమే.”

నేనా వదిలేవాణ్ణి? జిప్పు లాగితే కర్రుమంటుందని పీకేసి గుడ్డ నాడాలు కుట్టాను. బాణాలు ఒకదానికొకటి తగలకుండా మధ్యన స్పాంజి పెట్టాను. నీళ్ళ సీసాకు మా వాడి పాత స్వెటర్ చేయి తొడిగాను. బకిల్సు అన్నింటికీ సైకిల్ ట్యూబు ముక్కలు చుట్టాను. ఆశ్రిత వాళ్ళ నానమ్మ పెంటమ్మ, ఒళ్ళో సకినాల డబ్బా పెట్టుకుని స్టూలు మీద కూర్చుని అంతా చూస్తోంది.

“గీ సకినాలు పెట్టుకో బిడ్డా.”

“వద్దవ్వా, కొరికితే చప్పుడైతది.”

“రబ్బరు పందులకు చెవులుంటయానే?”

“పందులకు లేవు. జడ్జీలకున్నయి.”

ఆఖరికి రొట్టె, బెల్లం నలిపి చేసిన మలీద ముద్దల దగ్గర రాజీ కుదిరింది. మలీద మెత్తనిది, నములుతున్నట్టు పక్కవాళ్ళకు కూడా తెలియదు. అన్నీ సర్దాక ఆశ్రిత సంచి వేసుకుని దుకాణంలోనే పదిసార్లు ఎగిరింది. నా కుట్టుమిషను కిర్రుమంది కానీ సంచి కిక్కురుమనలేదు.

“పొద్దుగాల నాలుగింటికి కల్వర్టు మీదికెల్లి ఒక్కదానివే పోతవా? గింత సంచి ఏసుకోని?” అంది పెంటమ్మ, గొంతు తగ్గించి.

“పోటీకి తోల్కపోయే జీపు కల్వర్టు దాటి రాదు గదవ్వా. రోడ్డు మీదనే ఎక్కాలె. నీకేమో మోకాళ్ళ నొప్పులాయె.”

పెంటమ్మ ఏమీ అనలేదు. ఆమె ఏమీ అనలేదంటే ఏదో చేయబోతోందన్నమాట. నాకప్పుడు తట్టలేదు.

తెల్లవారుజామున నాలుగు. చందమామ లేడు. ఆశ్రిత టార్చి వేసుకుని బయలుదేరింది. సంచి నిజంగానే చప్పుడు చేయడం లేదు. చెప్పుల చప్పుడు... ఊపిరి చప్పుడు... అంతే.

కల్వర్టు మీద కాలు పెట్టింది.

ఘల్...

ఆగింది. అదీ ఆగింది.

రెండడుగులు వేసింది. ఘల్... ఘల్... రెండే. వెనక్కి తిరిగి టార్చి కొట్టింది. కూలిన గోడ, పిచ్చి తుమ్మచెట్టు... ఎవరూ లేరు.

మూడడుగులు వేసింది. ఘల్, ఘల్, ఘల్...

సంచి పడేస్తే వదిలేస్తాడని చిన్నప్పటినుంచీ విన్నదే. భుజం మీంచి ఒక పట్టీ జార్చింది కూడా. కానీ అందులో విల్లుంది, ఆరు బాణాలున్నాయి, ఇక మళ్ళీ రాని ఏడాదుంది. జార్చిన పట్టీని మళ్ళీ పైకి లాక్కుని, సంచిని ముందుకు తిప్పి, రెండు చేతులా గట్టిగా కరుచుకుంది.

“ఎల్లం తాతా...” అంది గుసగుసగా. “గిది టపా కాదు. బాణాలున్నయి... మలీద ముద్దలున్నయి... గంతే.”

ఇంకో అడుగు వేసింది. ఘల్...

ఇక పరుగే పరుగు! వెనకే గంట చప్పుడూ పరుగెత్తింది. పట్టీ ఒకటి ఫట్టున తెగింది. తారురోడ్డు మీద జీపు లైట్లు కనిపించేదాకా ఆమె ఆగలేదు. రోడ్డెక్కి నిలబడగానే... గంట ఆగిపోయింది.

జీపు డ్రైవరు మహమూద్ కంగారుగా దిగాడు.

“క్యా హువా బేటీ?”

“గంట... నా ఎనక... గంట...”

మహమూద్ నిదానస్తుడు. సంచిని జీపు లైట్ల ముందు పెట్టి తడిమాడు. అడుగు జేబులో ఏదో గట్టిగా తగిలింది. లాగితే ఎర్రగుడ్డ మూట వచ్చింది. దానిపైన కట్టిన ఓ నిమ్మకాయ, రెండు ఎండుమిరపకాయలు, ముడిలోంచి అంచు బయటపెట్టి చూస్తున్న ఇనుప గొర్రెగంట!

పగలబడి నవ్వాడు. “ఇగో నీ ఎల్లం! మీ అవ్వ జేబుల కూసోబెట్టి పంపింది!”

ఆశ్రితకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇంకాసేపైతే అదే సంచితో జడ్జీల ముందు ఎగిరేది. తలుచుకుంటేనే ఒళ్ళు మండిపోయింది. ఆ మూట విప్పకుండానే మహమూద్ జీపు డబ్బాలో తుడిచే గుడ్డల కింద కుక్కేశాడు.

తెగిన పట్టీని ముడేసుకుని ఆశ్రిత పదిసార్లు ఎగిరింది. సంచి చప్పుడు చేయలేదు. రెండు రోజుల తర్వాత మూడో స్థానంలో నిలిచి పై పోటీలకు ఎంపికైంది. సంచి ఎవరు కుట్టారని జడ్జీలు అడిగారట. ఊరికే చెబుతున్నాను, గొప్ప కోసం కాదు.

నాలుగో రోజు సాయంత్రం పట్టీ కుట్టించుకోవడానికి వచ్చింది. పెంటమ్మ సకినాల డబ్బాతో సహా వెంట వచ్చింది. అదే సమయానికి మహమూద్ జీపు దిగి, ఎర్రమూటను నా మిషను మీద పెట్టాడు.

“తీస్కోండ్రి, మీ ఎల్లం.”

అందరం పడీపడీ నవ్వాం. పెంటమ్మ తప్ప.

“సంచిల గంట పెడ్తవా అవ్వా? చప్పుడు కావద్దని వందసార్లు చెప్తి గద!” అంది ఆశ్రిత.

“ఇనుము ఉంటే దెయ్యం దగ్గరికి రాదు. ఇంట్ల చిన్న ఇనుము గదొక్కటే దొరికింది.”

“నేను ఓడిపోతే?”

పెంటమ్మకు కోపమొచ్చింది. “ఎందుకోడిపోతవు? నాకేమన్న చెవుడా? నువ్వు చప్పుడు కావద్దంటివనే, పట్కారుతోని దాని నాలుక పీకేసి పెట్టిన!”

నవ్వులు ఆగాయి.

నేను మూట విప్పాను. గంట తీసి ఊపాను. ఏమీ లేదు. చెవి దగ్గర పెట్టుకుని ఊపాను. ఏమీ లేదు. లోపల చూస్తే నాలుక ఉండాల్సిన చోట ఖాళీ కొక్కెం ఒకటే ఉంది. మహమూద్ లాక్కుని గట్టిగా ఆడించి చూశాడు. తర్వాత మెల్లగా, చాలా మెల్లగా మిషను మీద పెట్టేశాడు.

“మరి...” అంది ఆశ్రిత. “ఆ పొద్దు... నా ఎనక...”

కరకర!

ముగ్గురం ఎగిరిపడ్డాం. పెంటమ్మ సకినం కొరికింది.

“దగ్గరికొచ్చిండా?” అని అడిగింది నములుతూ.

“లే... ఎనక ఎనకనే...”

“ఆఁ! ఇనుము పనిచేసింది మరి.”

నాకు ఎల్లమంటే భయం లేదు. ఇప్పటికీ నమ్మను. టిఫిన్ సంచిని మాత్రం దుకాణంలోనే మేకుకు తగిలించి, డబ్బా చేత్తో పట్టుకుని ఇంటికి పోతున్నాను.