బొమ్మ దగ్గర ఆగే బండి

నాలుగో కోతబండి కూడా తనంతట తానే కదిలి మూడు కూతలు కూసి, ముందు పాతిన బొమ్మ మీదుగానే పోయింది. సుంకులమ్మ వంగి గుడ్డపీలికలు ఏరుకుంది. తన పాత చీర చెంగు, కూతురి చిన్ననాటి పావడా. కర్రకు కట్టడానికి ఇక రవికె ఒక్కటే మిగిలింది.

"దిష్టిబొమ్మను కోసిందని బండికి వంక పెడతాండావా అక్కా?" పాతబండ్ల దొడ్డి నడిపే ఖాజాపీరా నవ్వాడు. "పెండ్లికొడుకును కూడా ఇంత ఇదిగా సూసుండవు నువ్వు!"

"పెండ్లికొడుకు కాళ్ళు నరకడు కదప్పా" అంది సుంకులమ్మ.

బీళ్ళనిండా దిష్టిబొమ్మలే. తొలిరోజుల్లో బండ్లు ప్రతి బొమ్మ దగ్గరా మనిషేమోనని ఆగేవి. నల్లచినుకు పడేలోగా కోసి కప్పకపోతే గడ్డి విషమవుతుంది, పశువు ముట్టదు. అందుకని మేతమండలి బండ్లకు ఒక పాఠం నేర్పింది: కూతకు కదిలేది మనిషి, మూడు కూతలకూ కదలనిది బొమ్మ. ఒక బండి నేర్చింది, పొద్దుగూకేవేళ యాంటెన్నాల మీద సాగే సందెపాఠంలో అన్ని ఊళ్ళ బండ్లకూ తెలిసిపోతుంది.

కూతురు మారెక్కకు పుట్టు చెవుడు. కోతలో పనలు కట్టేది ఆ పిల్లే. ఇన్నేళ్ళూ కూత వినబడగానే సుంకులమ్మ పరుగెత్తి బిడ్డ చెయ్యి పట్టి లాగేది. ఈ ఏడు మోకాళ్ళు పరుగుకు రావడం లేదు. అందుకే రెండు పొట్టేళ్ళు అమ్మి సొంత బండికని వచ్చింది. కళ్ళు మూస్తే చాలు, గడ్డిలో ఎర్రటి పావడా పీలికలే కనబడుతున్నాయి.

మూల రేకుల కింద తుప్పుపట్టిన బండి ఒకటుంది. దాని యాంటెన్నాకు లోపల రేకు కుట్టిన గోనెసంచి కట్టి ఉంది.

"దాని జోలికి పోవాకక్కా, అది రోగిష్టిది. దాన్ని పెట్టుకున్న ముసలాయన బొమ్మ కనపడితే సాలు, దిగిపోయి భుజం తట్టి సూసేటోడంట. ఇప్పుడు ఎవురన్నా పోయి తట్టిందాకా అది కదలదు."

సుంకులమ్మ రవికె తొడిగిన కర్రను దాని ముందు పాతింది. బండి మూడు కూతలు కూసింది. ఆగింది. తొట్టి దగ్గర నీళ్ళు తాగుతున్న మారెక్క వచ్చి, తల్లి సైగ చూసి, బొమ్మ భుజం తట్టింది. బండి పక్కకు తిరిగి నెమ్మదిగా సాగిపోయింది.

"ఇదే ఇయ్యి."

"సరే. దిద్దుగదిలో రోగం కుదిర్చి సాయంత్రానికి ఇస్తా. పొట్టేళ్ళ దుడ్డు సాలు."

"దిద్దొద్దు. ఇట్లే ఇయ్యి."

ఖాజాపీరా నవ్వు ఆగిపోయింది. "అట్లయితే ఆ గోనె మాత్రం ఇప్పొద్దు. ఇప్పితే సందెపాఠంలో దీని రోగం అన్నిటికీ అంటుకుంటాది. కోత నిలిచి ఊర్ల మేతంతా నల్లబడితే నిన్ను బతకనిస్తారా?"

"ఇప్పనులే" అంది. నిజంగానే విప్పకూడదనుకుంది.

ఇంటికి పోయే దారిపొడుగునా పక్కబీళ్ళలో కోత సాగుతోంది. బండి వెనక కూతురితో నడుస్తూ సుంకులమ్మ లెక్కలేనన్ని కీడులు తలపోసింది. తన బండి ఆగుతుంది సరే. గట్టు అవతలిది ఆగుతుందా? తను పోయాక పిల్ల కూలికి పోయే బీడులోది ఆగుతుందా? పడమట మబ్బు కమిలి ఉంది. ఎండిన పొదుగులు, గుమ్మం ముందు అరుస్తున్న జనం కళ్ళముందు కనబడ్డారు. ఆవులు ఏం పాపం చేశాయి? అయినా చేతివేళ్ళు గోనె ముడి మీదకు పోయాయి.

"దేవుడా, నన్ను తిట్టు, నా బిడ్డను ఏమనాకు" అంటూ ముడి విప్పేసింది. సందెపాఠం వేళ యాంటెన్నా కొన మీద చిన్న దీపం వెలిగి ఆరింది.

పక్కబీడులో చొక్కా తొడిగిన బొమ్మ ముందు కోతబండి మూడు కూతలు కూసి నిలబడిపోయింది. దాని అవతలిదీ నిలబడింది. చూస్తుండగానే కనుచూపుమేర కత్తుల చప్పుడు అణిగిపోయింది. ఎవరో కేకలు వేస్తున్నారు.

అవేవీ వినబడని మారెక్క గట్టు దాటి, చొక్కాబొమ్మ భుజం తట్టింది. ఆ ఒక్క బండీ కదిలింది. మిగతావన్నీ ఎవరైనా వచ్చి తట్టి చూసేదాకా అలాగే నిలబడ్డాయి.

సుంకులమ్మ చేతిమీద మొదటి నల్లచినుకు పడింది. కొంగుతో తుడుచుకుని, కుంటుకుంటూ పక్క బొమ్మ వైపు నడిచింది.