ఏడు పల్లెల్లో సముద్రం

"అంతా ఒక్కచోట పెడితేనే భద్రం" అని చీఫ్ పృథ్వీరాజ్ అన్నప్పుడే ఏజెంట్ యుగంధర్‌కి ఒళ్లు మండింది. భోగాపురం తీరంలో సముద్రపు నీటి మీద పదేళ్లు చేసిన పరిశోధన డేటా ఏడు మత్స్యకార పల్లెల కంప్యూటర్లలో ఏడు కాపీలుగా ఉంది. ఒకదాన్ని ఎవడైనా మారిస్తే మిగతా ఆరూ పట్టేస్తాయి. దాన్నంతా ఒకే సర్వర్‌లోకి లాగి పల్లెల్లో చెరిపించేయమని కన్సల్టెంట్ ఝాన్సీ సలహా ఇచ్చింది. ఆవిడ సెంటు వాసనకే చీఫ్ సంతకం పెట్టేసి ఉంటాడు, దద్దమ్మ.

ఈ ఉదయం ఝాన్సీ ఫోన్ నుంచి వెళ్లిన కోడ్ మెసేజ్ దొరికింది: "ఉప్పుచేప ఎండింది." అందుకున్నది ఆ డేటా మీద కన్నేసిన విదేశీ ముఠా. వాళ్ల రసాయన ఫ్యాక్టరీ గొట్టం సముద్రంలోకి దిగాలి. దాని అనుమతి మీద ఇవాళే విచారణ. డేటా చూపించలేకపోతే అనుమతి ఖాయం, ఆ పైన పల్లెల వలల్లో పడేది చచ్చిన చేపలే.

యుగంధర్ ఏసీ మెకానిక్ వేషంలో సర్వర్ రూమ్‌లోకి దూరాడు. స్క్రూడ్రైవర్‌లో కెమెరా ఉంది గానీ పనిచేయలేదు. ఆ డిపార్ట్‌మెంట్ కొన్నది ఏది పనిచేసి ఏడ్చింది గనక. అప్పటికే లోపలున్న ఝాన్సీ, ఎర్ర షిఫాన్ చీరలో, పిస్టల్ ఎత్తింది.

"లేటయ్యావ్. సర్వర్ ఖాళీ. పల్లెల్లోనూ చెరిపేశారు, రిపోర్టులొచ్చాయి."

ఏసీ మూత విసిరి ఆమె చెయ్యి విరిచి బేడీలు వేశాడు. ఏం లాభం? అయినా జీపెక్కి విచారణ హాలుకి దూసుకెళ్లాడు.

అధికారి జగన్నాధం అనుమతి కాగితం మీద పెన్ను పెట్టబోతున్నాడు. ఒక పల్లె మహిళా సంఘం ప్రెసిడెంట్ దానమ్మ లేచి తమ కంప్యూటర్‌ని ఆయన బల్ల మీద పెట్టింది. ఆమె వెనకాల మిగతా ఆరు పల్లెల వాళ్లూ తమవి పెట్టారు. దొంగ లెక్కలంటూ ఫ్యాక్టరీ కంపెనీ లాయరు ఎగిరాడు. ఏడు కాపీలూ పోల్చి చూస్తే ఒక్క అంకె తేడా రాలేదు. జగన్నాధం పెన్ను మూసేశాడు.

చెరిపేశామని రాశారు కదా అని యుగంధర్ నోరు తెరిచాడు.

"పడ్డ సేపని అందరెదురుగా కుప్పలేసి పంచకుండా మాలో ఎవడూ తన వాటా ఒగ్గడు బాబూ" అంది దానమ్మ. "ఆ సర్వరేటో మాకు సూపించినారేటి? సూడకుండా మా కాపీ ఎలా సెరిపీగలం? మీ సారు రోజూ ఫోన్లు సేసి సంపుతంటే, పీడా పోతాదని అలా రాసీసినాం."

యుగంధర్‌కి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

సాయంత్రం చీఫ్ ఫోన్ చేసి సర్వర్ క్షేమమేనా అని మాత్రమే అడిగాడు.

"క్షేమమే సార్. అచ్చం మీలాగే ఉంది, లోపల ఏమీ లేదు."