ఆపరేషన్ రాతికట్టు

"టార్గెట్ కోదాడ ఫంక్షన్ హాల్. మంత్రాల మీద బహిరంగ విచారణ. విదేశీ ముఠా స్లాబు కూల్చి, నేరం రాతికట్టు వాళ్ల మీదికి నెట్టబోతోంది. శాశ్వత నిషేధం వస్తే మంత్రాలన్నీ ఇక వాళ్ల బ్లాక్ మార్కెట్‌లోనే." ఇయర్‌పీస్‌లో చీఫ్ కృపాకర్ గొంతు గరగరలాడింది. "కూల్చే మనిషి ఎవరో తెలియదు. దొరికితే కోడ్ వర్డ్ 'చక్కెర ఎక్కువైంది'. జాగ్రత్త, గ్రేస్."

క్యాటరింగ్ యూనిఫాంలో టీ ట్రే పట్టుకుని తిరుగుతున్న గ్రేస్‌కు ఒళ్లు మండింది. మేళ్లచెరువు గనుల్లో బండ విరిగిపడకుండా మంత్రంతో పట్టి ఉంచడమే రాతికట్టు. తల్లి జానమ్మ ఆ పనే చేసేది. దాన్ని సర్కారు తాత్కాలికంగా నిషేధించిన ఏడాదే బండ కింద పడి తండ్రి పోయాడు. ఇవాళ లైసెన్సులు అడగడానికి వచ్చిన జానమ్మ ముందు వరసలో కూర్చుంది. సరిగ్గా ఆ స్లాబు కిందే.

వేదిక మీద పెద్దలంతా చెప్పులు విప్పి జ్యోతి వెలిగించారు. మళ్లీ తొడుక్కుని కుర్చీల్లో కూలబడ్డారు, ఒక్క రాణి తప్ప. ఢిల్లీ నిపుణురాలిగా వచ్చిన అందగత్తె. ముఠాలో మన మనిషి అని కృపాకర్ నమ్మిన ఏజెంట్. ఆమె హైహీల్స్ పక్కనే పడి ఉన్నాయి. వట్టి పాదాలు గచ్చుకు గట్టిగా ఆనించి ఉంది.

కట్టడానికైనా కూల్చడానికైనా రాతి మంత్రం వేసేవాళ్ల పాదాలు నేలను తాకాల్సిందే. మేళ్లచెరువులో పుట్టిన ఎవరికైనా తెలిసిన సంగతి అది. సిమెంటు కూడా ఆ మంత్రానికి రాయే.

"చీఫ్, రాణి మేడం టీలో చక్కెర ఎక్కువైంది!"

అప్పటికే రాణి పెదవులు కదిలాయి. స్లాబు పెళపెళమంది. గ్రేస్ విసిరిన ట్రే నుదుటికి తగిలి రాణి కుప్పకూలింది గానీ పగులు ఆగలేదు. గ్రేస్ బూట్లు విప్పి పారేసి, చేతులు పైకెత్తి, అమ్మ నేర్పిన మంత్రం అందుకుంది. జానెడు దిగిన స్లాబు గాల్లోనే నిలిచిపోయింది.

నిషేధం కోరుతూ పిటిషన్ వేసిన రాజారత్నం లేచి అరిచాడు. "ఇది నిషిద్ధ మంత్రం! అరెస్ట్ చేయండి దీన్ని! బేడీలు వేయండి!"

"ఏస్కోండి సారూ," అంది గ్రేస్ పళ్లు బిగించి. "చేతులు దించాల్నా మరి?"

"జర ఆగు బిడ్డా." జానమ్మ లేచి హాలు వైపు తిరిగింది. "నిషేధం కావాలన్నోళ్లు గీడనే కూసోండ్రి. లైసెన్స్ కావాలన్నోళ్లు బయటికి నడువుండ్రి."

అందరికంటే ముందు గుమ్మం దాటింది రాజారత్నమే.