మానులోహం

"గాయం మానుతోంది. దయచేసి వేచి ఉండండి," అంది పికప్ వ్యానులోని గాయసూచిక, పొద్దుటి నుంచి వందోసారి. వ్యాను కిందికి దూరిన ఖాజావలికి ఒళ్లు మండిపోయింది. మానడానికి అక్కడ ఏం మిగిలింది గనక? ఇంజన్ కింద నూనె నిలవుండే ఆయిల్ చాంబర్ ఘాట్‌ రోడ్డులో బండరాయికి కొట్టుకుని, అరచెయ్యి దూరేంత కన్నం పడింది.

మానులోహం వచ్చాక బండ్లన్నీ దానితోనే చేస్తున్నారు. గీత పడినా, చీలిక వచ్చినా తనంతట తనే పూడుకుంటుంది. మదనపల్లెలో మెకానిక్ షెడ్లు ఒక్కొక్కటే మూతపడ్డాయి. ఏది చెడినా కాసేపు ఊరికే కూర్చోవడం జనానికి అలవాటైపోయింది. ఈ వ్యాను తోలే ఓబులేసు కూడా మధ్యాహ్నం దాకా రోడ్డు పక్కన అలాగే కూర్చుని, ఇక లాభం లేక, వ్యానును ట్రాక్టరుకు కట్టి ఇంకా మూతపడని ఖాజావలి షెడ్డుకు లాక్కొచ్చాడు.

"నీకేం దెబ్బ తగల్లేదు కదరా?" అని అడిగాడు ఖాజావలి వ్యాను కింద నుంచే.

"నాకేం కాలేదు భాయ్. రెడ్డెమ్మకే డ్యాష్‌బోర్డు కడుపులో గుద్దుకునింది. తగ్గిపోతాదిలే."

ఖాజావలి గబగబా బయటికొచ్చి చూశాడు. ముందు సీట్లో ఓబులేసు భార్య కడుపు పట్టుకుని, పాలిపోయి కూర్చుని ఉంది.

"బుద్ధుందా నీకు? ముందు అంబులెన్సును పిలువు!"

"ఎందుకులే అన్నా," అంది రెడ్డెమ్మ నీరసంగా. "ఇందాకటి మీద మేలుగానే ఉండాది. బండి బాగైతే మేమే ఆస్పత్రికి పోతాం."

ఆ మాట పట్టుకుని ఖాజావలి పనిలోకి దిగాడు. అటక మీద పాత ఇనప చాంబర్ ఒకటి మిగిలి ఉంది. ఏళ్ల తర్వాత చేతికి పని తగిలింది. ఆ సంబరం దాచుకోవడం అతని వల్ల కాలేదు. బోల్టులు విప్పి పగిలినదాన్ని దించాడు. అంచుకు కరుచుకున్న పాత గాస్కెట్‌ను బ్లేడుతో గీకి, నూనె కారకుండా పేస్టు పూసి, ఇనప చాంబర్ ఎక్కించాడు. బోల్టులు వరసగా కాకుండా, ఎదురెదురువి కొంచెం కొంచెంగా బిగించాడు. పేస్టు ఆరేదాకా నూనె పోయకూడదు. ఈలోగా ఓబులేసుకు టీ ఇచ్చి, ఈ పద్ధతంతా మురిసిపోతూ వివరించాడు కూడా. సీట్లోంచి మూలుగు ఎప్పుడు ఆగిందో ఇద్దరూ గమనించలేదు.

నూనె పోసి తాళం తిప్పగానే ఇంజన్ అందుకుంది. కింద ఒక్క చుక్క కారలేదు.

"చూశావామ్మా!" అంటూ ఖాజావలి అవతలి తలుపు తీశాడు. రెడ్డెమ్మ తల పక్కకు వాలి ఉంది. చెయ్యి పట్టుకుంటే చల్లగా తగిలింది. నాడి దొరకలేదు. తన్ను తానే చెప్పుతో కొట్టుకోవాలనిపించింది అతనికి. ఆమె భుజం పట్టి కుదిపాడు.

"లేపొద్దు భాయ్," అన్నాడు ఓబులేసు గొంతు తగ్గించి. "నొప్పి పోయినట్టుండాది. పొద్దుటి నుంచి ఇప్పుడే నిద్రపట్టింది, పాపం."

చప్పుడుకు ఆమెకు మెలకువ వస్తుందని, చెయ్యి చాచి ఇంజన్ ఆపేశాడు.