బూరుగు చెట్టు కింద జర్మన్ తాత

రేయ్, దమ్ముంటే ఇది చదివి నమ్మురా. నమ్మకపోతే నీ ఇష్టం. కానీ ఇవాళ రాత్రి బాత్రూమ్‌కి ఒక్కడివే వెళ్తావో, మీ తమ్ముణ్ణి లేపుతావో చూద్దాం.

మన సురినాం నది అవతల, డచ్చి దొరల కాలం నాటి లాట్‌స్టే హోప్ కాఫీ ఎస్టేట్ తెలుసుగా? ఇప్పుడక్కడ కాఫీ లేదు, దొరలు లేరు, గోడలు కూడా లేవు. ఉన్నదల్లా ఒక పే...ద్ద బూరుగు చెట్టు. దాని కింద సమాధులు. చీకటి పడితే పడవల వాళ్ళు అటు తల కూడా తిప్పరు. ఆ చెట్టుకేసి వేలు పెట్టి చూపిస్తే వేలు వంకరపోతుందంట. మా క్లాసులో వెండెల్ చూపించాడు. వేలు బానే ఉంది, లెక్కల్లో ఫెయిలయ్యాడు.

అక్కడికి వెళ్ళాడు మా మామ. ఒక్కడే. చీకట్లో.

మా మామ తెలుసుగా, హంఫ్రీ మామ. కాసినో గేటు దగ్గర నిలబడి తాగుబోతుల్ని పిల్లి కూనల్లా ఎత్తి బయట పారేస్తాడు. అంత మనిషీ బల్లి కనిపిస్తే మంచం ఎక్కేస్తాడు.

మరి ఎందుకెళ్ళాడు? అమ్మమ్మ వల్ల.

మా అమ్మమ్మకి డెబ్భై ఐదు నిండుతున్నాయి, ఇంట్లో పెద్ద పార్టీ. చిన్నప్పట్నుంచీ ఒకటే మాట — "మా ముత్తాత జర్మనీ వాడు. వడ్రంగి. గొట్లీబ్ ఫింక్. గంజి తలగుడ్డ కట్టుకునే మా పొట్టి ముత్తవ్వ ఆఫీబాని పెళ్ళి చేసుకున్నాడు, ఊరికే ఉంచుకోలేదు." విని విని మాకు చెవులు అరిగిపోయాయి.

పార్టీకి వారం ముందు ఎదురింటి హెర్మీన్ ఆంటీ అందరి ముందూ అంది — "ఏ జర్మన్ తాత వదినా? బీరు సీసా మీద బొమ్మలో నవ్వుతుంటాడే, ఆయనేనా?"

అందరూ పగలబడి నవ్వారు. అమ్మమ్మ నవ్వలేదు.

ఆ రాత్రి మామని పిలిచి మెల్లగా చెప్పింది. "ఆ బూరుగు కిందే ఆయన సమాధి ఉందని మా అమ్మ అనేది. వెళ్ళి ఫోటో తీసుకురా. దాని మీద పెళ్ళాం అని రాసుంటే పార్టీలో అందరికీ చూపిస్తా. లేదంటే... ఇంక ఈ ఇంట్లో ఆయన పేరు ఎత్తనురా."

అమ్మమ్మ అలా మెల్లగా మాట్లాడితే ఎవడు కాదంటాడు చెప్పు.

అయినా మామ ఇవాళ రేపు అంటూ పార్టీ ముందు రోజు దాకా లాగాడు. ఆ రోజు మధ్యాహ్నమే బయల్దేరాడు పాపం. నది మధ్యలో పడవ ఇంజన్ ఆగిపోయింది. దాన్ని తిట్టి, కొట్టి, మళ్ళీ తిట్టి ఒడ్డుకి చేరేసరికి... చీకటి.

పడవవాడు దిగలేదు. "నేనిక్కడే ఉంటా అన్నా. మీ ఇంట్లో చెప్పడానికి ఒక్కడైనా మిగలాలి కదా," అన్నాడంట!

మామ బూరుగు కిందకి వెళ్ళి పోయిన పెద్దలకి మర్యాదగా రమ్ము పోశాడు. నేలకి సగం, ధైర్యానికి సగం. ఫోన్ లైట్ వేసి రాళ్ళన్నీ వెతికాడు. ఒక డాక్టరు. ఒక మేస్త్రీ. ఒక చంటిపాప... ఫింక్ లేడు.

అప్పుడు... చెట్టు అవతల ఆకులు నలిగాయి.

మామ లైట్ ఆర్పేశాడు. దెయ్యం కనపడకపోతే లేనట్టే అని ఆయన లెక్క.

ఇంక వెళ్ళిపోదాం అనుకున్నాడు. మరి సమాధుల దగ్గర్నుంచి మనం ఎలా వస్తాం? వాళ్ళకి వీపు చూపించం కదా. చూపిస్తే వెంట వచ్చేస్తారు. అందుకని మామ మొహం సమాధుల వైపే పెట్టి, వెనక్కి వెనక్కి నడుస్తూ బతిమాలుతున్నాడు — "కూర్చోండి పెద్దలూ, లేవకండి, సాగనంపక్కర్లేదు, నేనే వెళ్ళిపోతా..."

ఒక అడుగు. కర్ర్ర్.

వెనకాల కూడా... కర్ర్ర్.

మామ ఆగాడు. అదీ ఆగింది.

మామ నడిచాడు. అదీ నడిచింది. దగ్గరికి... ఇంకా దగ్గరికి...

ధబ్!

వెనక నుంచి ఏదో గుద్దుకుంది!

మామ తీగల్లో బోర్లా పడ్డాడు. పక్కనే ఇంకేదో దభేల్మని పడింది. ఆ చీకట్లోంచి గట్టిగా ఒక మగ గొంతు — అచ్చమైన జర్మన్‌లో అరుపు!

మామ మోకాళ్ళ మీద కూర్చుని దణ్ణం పెట్టేశాడు. "తాతా! గొట్లీబ్ తాతా! నేను మీవాణ్ణే! అమ్మ మీ రాయి ఫోటో అడిగింది తాతా, ఒక్కటి చాలు, నవ్వక్కర్లేదు!"

పక్కన తీగలు కదిలాయి.

తర్వాత చీకట్లోంచి... "సారీ?"

దెయ్యం సారీ ఎందుకు చెప్తుందిరా? మామకీ డౌటొచ్చింది. లైట్ వేశాడు.

తెల్లవాడు. మామంత పొడుగు. గడ్డం దాకా బురద, నెత్తిన సైకిల్ హెల్మెట్. మామకన్నా ఎక్కువ వణుకుతున్నాడు.

పేరు డెట్లెఫ్. డెట్లెఫ్ ఫింక్!

వచ్చీరాని డచ్చిలో చెప్పుకొచ్చాడంట. వాళ్ళ ముత్తాత తమ్ముడొకడు సురినాం వచ్చాడు, పెళ్ళాం పిల్లలు లేకుండా జ్వరంతో పోయాడని వాళ్ళింట్లో మాట. ఆయన జాడ వెతుక్కుంటూ సైకిల్ మీద వచ్చి దారి తప్పాడు, టార్చి చచ్చిపోయింది. సమాధుల దగ్గర్నుంచి వెనక్కే నడవాలని లాడ్జి ఆవిడ చెప్పిందంట. జర్మనోడు కదా, చెప్పింది చెప్పినట్టు చేశాడు. ఇటు నుంచి మామ, అటు నుంచి ఈయన... రివర్సు గేర్‌లో!

ఇద్దరూ నవ్వీ నవ్వీ లేద్దామని చెయ్యి ఆనిస్తే తీగల కింద చల్లగా ఏదో తగిలింది. రాయి.

మామ బూటుతో నాచు గీకాడు. డెట్లెఫ్ పాత అక్షరాలు కూడబలుక్కుంటూ చదివాడు. "గొట్లీబ్ ఫింక్... వడ్రంగి... ఈ రాయి పెట్టించినది ఆయన భార్య ఆఫీబా, పిల్లలు."

డెట్లెఫ్ మళ్ళీ చదివాడు. తర్వాత మామ చెవుల వైపు చూశాడు. మామ ఆయన చెవుల వైపు చూశాడు. ఇద్దరివీ చాటలే.

"మీరు... మావాళ్ళా?"

"మీరే మావాళ్ళు," అన్నాడు మామ. పొగరు చూడు.

మర్నాడు పార్టీలో అమ్మమ్మ ఫోటో పట్టుకుని ఇల్లంతా తిరిగింది. "భార్య" అన్న మాట మాత్రం ప్రతి కుర్చీ దగ్గరా ఆగి చదివింది. హెర్మీన్ ఆంటీ ఊరుకుంటుందా? "రాయి మీద ఎవరైనా ఏదైనా రాయించుకోవచ్చు వదినా..." అంటుండగానే వంటింట్లోంచి ఆ చెవులేసుకుని డెట్లెఫ్ వచ్చాడు. ఆంటీ నోరు మూసుకుని, కోడీ దుంపా కలిపి కాల్చిన పోమ్ ఇంకో ముక్క వేసుకుంది.

ఇంతే అయితే నీకెందుకు చెప్తా? అసలుది ఇప్పుడే.

తింటూ తింటూ డెట్లెఫ్ మామని అడిగాడు. "రాత్రి మీతో వచ్చిన ఆవిడకి దెబ్బేం తగల్లేదు కదా? నేనే గట్టిగా గుద్దేశా. నా నడుం దాకానే ఉంది పాపం. గంజి పెట్టిన తలగుడ్డ నా నడుముకి గరగరా గుచ్చుకుంది."

మామ చేతిలో ప్లేటు ఆగిపోయింది.

"నాకూ... నడుం దగ్గరే తగిలింది," అన్నాడు. "గరగరమనే గుడ్డ. ఆవిడ... మీతో రాలేదా?"

రేయ్, హెర్మీన్ ఆంటీ నమలడం కూడా ఆపేసింది.

అమ్మమ్మ ఒక్కతే నవ్వింది. "ఇద్దరు మొద్దుల్ని తీసుకెళ్ళి మొగుడి రాయి మీద పడేసింది. లేకపోతే మీ మొహాలకి దొరికేదా అది?" అని ఇంకో ప్లేటు నిండా వడ్డించి నాకేసి చూసింది. "ఆఫీబా ముత్తవ్వకి కుర్చీ వెయ్యవే."

నేను వేశానురా. నా చేత్తో వేశా. వేసి ఇలా తిరిగానో లేదో, వెనకాల ఆ ఖాళీ కుర్చీలోంచి మెల్లగా —

ఆఁ అమ్మా! వస్తున్నా! వస్తున్నా అంటున్నాగా!!

రేయ్ అమ్మ చెప్పు తీసింది, బై