పికప్పులో వెచ్చటి గాలి

మంగళవారం తెల్లారింది. డిసెంబరు మంచు పత్తికొండ మీద ఇంకా పల్చగా పరుచుకునే ఉంది. రెండు దుప్పట్లు కప్పుకుని వసారాలో కూర్చున్న సుబ్బరత్నమ్మకు కోడలు తనూజ రెండు ఇడ్లీలు పెట్టి, కొలిచి అర గ్లాసు నీళ్లిచ్చింది. అంతకు మించి తాగకూడదన్నారు డాక్టర్లు.

ఆమె కిడ్నీలు చెడిపోయి ఎనిమిది నెలలైంది. మంగళ, శుక్రవారాల్లో కర్నూలుకు పోయి డయాలసిస్ చేయించుకోవాలి. భర్త నరసింహ తన పాత డీజిల్ పికప్పులో తానే తీసుకుపోతాడు. పదిహేనేళ్ల కిందట కొన్న బండి అది. స్టీరింగు కొడుకు రాజశేఖర్ చేతికి కూడా ఇవ్వడు. కొడుకు పొద్దున్నే టమోటా మండీకి పోతాడు కాబట్టి అత్తకు తోడు ఎప్పుడూ తనూజే.

తనూజ రాజశేఖర్ కోరి చేసుకున్న పిల్ల. ఆమె తండ్రి దేవేంద్రప్ప కర్నూలు దారిలో ఉన్న కల్లూరులో లారీలకు, జీపులకు వైరింగు పని చేస్తాడు. నా వియ్యంకుడు మెకానిక్కు అని నలుగురిలో చెప్పుకోవడం నరసింహకు నామోషీ. పెళ్లయి మూడేళ్లయినా ఒక్కసారీ వాళ్ల గడప తొక్కలేదు. వారానికి రెండుసార్లు ఆ వీధి మొదట్లోంచే పోతూ కూడా తల తిప్పి చూడడు. తనూజ ఆ సంగతి ఎవరితోనూ అనలేదు.

"మామ చేనికి పోయినాడు గదా అత్తా. ఎనిమిదికి గానీ రాడు. అంతలోపల బండిలో హీటరు ఎందుకు పనిచేయదో చూస్తా" అంది తనూజ.

"నీకు ఆ పని వచ్చునా పాపా?"

"పెండ్లి కాకముందు మా నాయన షెడ్డులో చేసిందదే గదా."

ఇంజను స్టార్ట్ చేసి, హీటరుకు పోయే గొట్టం పట్టుకుని చూసింది. వేడి వస్తూనే ఉంది. ఆ వేడిని లోపలికి తోసే ఫ్యానే తిరగడం లేదు. ఫ్యూజు బాగానే ఉంది. డ్యాష్‌బోర్డు కింద పడుకుని మరలు విప్పి ఫ్యాను పెట్టెను కిందికి దించింది. రెక్కల నిండా వేరుశనగ పొట్టు, పత్తి పింజలు. ఎలుకలు గూడు కట్టుకున్నాయి. వాటిని పీకి, విప్పిన సామాన్లన్నీ గోనెపట్టా మీద పరుస్తుండగా గేటు చప్పుడైంది.

చేనిదగ్గర కరెంటు పోయిందని నరసింహ ఏడుకే వచ్చేశాడు.

"ఏం చేస్తాండావు? ఎవురు ముట్టుకోమన్న్యారు నా బండిని?" అని అరిచాడు. "ఎనిమిదిన్నరకు బయల్దేరాల. ఈ పొద్దు డయాలసిస్ తప్పితే మీ అత్త గతేమి? ఇదేమన్నా మీ నాయన షెడ్డనుకున్న్యావా?"

తనూజ మొహం ఎర్రబడింది. "మా నాయన షెడ్డుకు పోయింటే ఈ ఫ్యాను ఎప్పుడో బాగయ్యుండు మామా" అంది.

"ఈ ఎండల సీమలో హీటరు ఎవునికి కావాల?"

"అత్తకు కావాల" అంది తనూజ. "డయాలసిస్ అయినంక ఆమెకు ఒళ్లు ఎట్ల వణుకుతాదో నీకు తెలీదు. నీ చూపంతా రోడ్డు మీదే. నేను ఆమెను పట్టుకోని కూర్చుంటా. పండ్లు టకటకా కొట్టుకుంటాంటే కొంగు నోట్లో కుక్కుకుంటాది. నీకు వినపడకూడదని."

నరసింహ భార్య వైపు తిరిగాడు. "నిజమా? అడిగినప్పుడల్లా చలి ల్యాదంటివి గదా!"

"ఏం చెప్పేది?" అంది సుబ్బరత్నమ్మ నీరసంగా. "చేను ఇడిసిపెట్టి, పనులన్నీ ఇడిసిపెట్టి నన్ను తిప్పుతాండావు. మళ్లీ చలి అని గూడా సతాయించాల్నా? నేను చెప్పకున్న్యా ఈ పాప కనిపెట్టింది. బండి చూస్తానంటే సరేనన్నది నేనే. తిట్టేదుంటే నన్ను తిట్టు."

నరసింహ వంగి, విప్పిన సామాన్ల వైపు చూశాడు. తనూజ ఒక వైరు కొస పట్టుకుని చూపించింది.

"ఇది తెగింది కాదు మామా. ఎవురో కోసినారు."

అతను ఆ వైరు కొసను వేళ్లతో పట్టుకుని చూశాడు. కోసింది తానే. బండి కొన్న కొత్తలో మూడు రాగాల హారన్ కోసమని ఆ వైరు కోసి దానికి కలిపాడు. హీటరుతో మనకేం పని అని ఆ రోజు నవ్వాడు కూడా. ఆ హారన్ ఏడాదికే మూగబోయింది. వాడకం లేని ఫ్యాను పెట్టెలోకి ఎలుకలు చేరాయి.

"నేనే కోసినా" అన్నాడు మెల్లగా. కాసేపటికి గోనెపట్టా పక్కన గొంతుక్కూర్చున్నాడు. "నన్నేం పట్టుకోమంటావో చెప్పు పాపా."

ఆమెను అతను పాపా అని పిలవడం అదే మొదటిసారి. తనూజ తల దించుకుని, "ఈ లైటు పట్టుకో మామా. కొంచెం పైకి" అంది.

ఆమె మోటారు దుమ్ము తుడిచి, ఇరుసుకు రెండు చుక్కలు నూనె వేసింది. వైరు కలిపి టేపు చుట్టింది. స్విచ్ వేస్తే ఫ్యాను మూలిగి ఆగింది. రెక్కను వేలితో ఒకసారి తిప్పింది. ఈసారి గిర్రున అందుకుంది. లోపల మిగిలిన పొట్టంతా ఎగిరి నరసింహ మీసాల మీద పడింది. చాలా రోజుల తర్వాత సుబ్బరత్నమ్మ పైకి నవ్వింది. పెట్టెను మళ్లీ బిగించి, తొమ్మిదింబావుకు బయల్దేరారు.

సాయంత్రం డయాలసిస్ ముగిసే వేళకు నరసింహ ముందుగా కిందికి దిగి వచ్చాడు. బండి స్టార్ట్ చేసి, అద్దాలెత్తి, లోపలంతా వెచ్చబడేదాకా కూర్చున్నాడు. తర్వాత పోయి భార్యను నడిపించుకొచ్చాడు.

ఎక్కి కూర్చోగానే ఎప్పటిలాగే ఆమెకు వణుకు మొదలైంది. తనూజ రెండు చేతులా పట్టుకుంది. పాదాల మీదికి, మోకాళ్ల మీదికి వెచ్చటి గాలి ఆగకుండా కొడుతూనే ఉంది. కాసేపటికి వణుకు సన్నగిల్లింది. నోటికి అడ్డం పెట్టుకున్న కొంగు జారిపోయింది.

"కాళ్లకు ఎంత హాయిగా ఉండాదో" అని గొణిగింది సుబ్బరత్నమ్మ. కోడలి చేతిని గట్టిగా పట్టుకుని, భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. ఆ దారిలో ఆమె నిద్రపోవడం ఎనిమిది నెలల్లో ఇదే మొదలు.

నరసింహ కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. కల్లూరు రాగానే ఎవరికీ చెప్పకుండా బండిని పక్క వీధిలోకి తిప్పాడు. దేవేంద్రప్ప షెడ్డు ముందు ఆపి, ఇంజను ఆపకుండానే దిగాడు.

గ్రీజు చేతులతో బయటికొచ్చిన దేవేంద్రప్ప కంగారుపడ్డాడు. "ఏమప్పా, అక్కకు ఎట్లుండాది?"

"బాగుండాది. నీ బిడ్డ బాగుంచింది." నరసింహ చేతులు జోడించాడు. "మూడేండ్లు మీ వాకిట్లోకి రాకుండా తప్పు చేసినా దేవేంద్రప్పా. బిడ్డకు పని నేర్పినావు. దాంతో నా ఇంటిదాని చలి తీరింది. నీకు దండం పెట్టిపోదామని వచ్చినా."

"శానా పెద్ద మాటలప్పా అవి. లోపలికి రాండి, కూర్చుందాం."

"ఈ పొద్దు వద్దు. ఆమె నిద్రపోతాండాది. టీ ఉంటే ఈడికే తెప్పీ, నిలబడి తాగుతా."

ఇద్దరూ షెడ్డు ముందు నిలబడి టీ తాగారు. ఫ్యాను ఎట్లా విప్పిందో, ఎలుక గూడు ఎట్లా తీసిందో నరసింహ చేతులు తిప్పుతూ చెబుతుంటే, దేవేంద్రప్ప టీ తాగడం మరిచిపోయి వింటున్నాడు. బండి అద్దంలోంచి తనూజ వాళ్లనే చూస్తోంది. చెంపల మీదికి కన్నీళ్లు జారుతున్నాయి. తుడుచుకుందామంటే అత్త చెయ్యి వదల్లేదు. కదిపితే లేస్తుందేమోనని ఆమె అలాగే కూర్చుంది.