క్రియ ముందొచ్చిన వాక్యం

అన్నయ్యను కాల్చి చంపిన పదకొండు నెలలకు, ఏజెంట్ సెవెంటీన్ హెడ్‌ఫోన్స్‌లో అతని భాష మళ్ళీ వినిపించింది. మాట్లాడుతున్నది మాత్రం శత్రువు.

డిపార్ట్‌మెంట్ కోసం అన్నయ్య కల్పించిన భాష అది. హత్య జరిగిన రోజే అతని నోట్‌బుక్కులు మాయమయ్యాయి. అవి విదేశీ ముఠా చేతిలో పడ్డాయని ఇప్పుడు తేలింది. ప్రతి పదాన్నీ అన్నయ్య మొదట పలికి చూసుకున్నది చెల్లెలు సెవెంటీన్ దగ్గరే, వంటింట్లో, ఉల్లిపాయలు తరుగుతూ. ఆ సంగతి ఆఫీసులో ఎవరికీ తెలియదు.

"ఏమంటున్నాడు?" అడిగాడు చీఫ్.

ట్రాన్స్‌లేటర్ లిప్‌స్టిక్ చెరగకుండా కాఫీ చప్పరించింది. అన్నయ్య దగ్గర ఆ భాష నేర్చుకున్న ఏకైక శిష్యురాలు. ఆమె నడిచివస్తుంటే ఆఫీసులో టైపింగ్ ఆగిపోతుంది.

"'హాల్లో బాంబు పెడతాను' అంటున్నాడు సర్. ఇంకా పెట్టలేదు. రాత్రి విందుకే అయ్యుంటుంది. పదకొండింటి శాంతి చర్చలు ఆపక్కర్లేదు."

సెవెంటీన్ టేపు వెనక్కి తిప్పింది. 'పెట్టు' అన్న మాటే మొదట ఉంది. చెవి పక్కనే అన్నయ్య గొంతు పలికినట్టయింది. 'ఇందులో కాలాలు లేవే. మాటల వరసే కాలం. జరగబోయేదైతే క్రియ చివర. జరిగిపోయిందా, క్రియ ముందు.'

గడియారం పదకొండుకు నాలుగు నిమిషాలు తక్కువ చూపిస్తోంది.

"పెట్టేశాడు సర్. ఈమెను కదలనివ్వకండి."

హాలు రోడ్డుకు అవతలే. చెప్పులు వదిలేసి పరుగెత్తింది. వేదిక కింద దూరి చూస్తే మైకు వైర్ల మధ్య ఒకటి ఎక్కువగా ఉంది. దాని చివర టైమర్. మూడు సెకన్లు. ఉంగరంలో దాచిన బ్లేడుతో పరపరా కోసింది. అంకె రెండు దగ్గర నిలిచిపోయింది. పైన ఎవరో మైకు తట్టి, "వినిపిస్తోందా?" అన్నారు.

తిరిగొచ్చేసరికి ట్రాన్స్‌లేటర్ చేతులకు బేడీలున్నాయి.

"ఈ భాష నీకెవరు నేర్పారు?" అడిగింది ఆమె.

"మా అన్నయ్య."

ఆమె ముఖం పాలిపోయింది. "నీ సంగతి నాకెప్పుడూ చెప్పలేదు."

"నీ సంగతీ నాకు చెప్పలేదు. చంపింది నువ్వేనా?"

ఆమె అన్నయ్య భాషలోనే జవాబిచ్చింది. క్రియ ముందొచ్చింది.

దొరికిన ముఠావాళ్ళకు బట్టీపట్టిన నాలుగు ముక్కలు తప్ప ఆ భాష రాదని విచారణలో తేలింది. కేసు మూసేశారు. అయినా సెవెంటీన్ ప్రతి గురువారం జైలుకు వెళుతూనే ఉంది.

"ఆమె దగ్గర ఇంకా రాబట్టడానికి ఏముంది?" ఒకరోజు చీఫ్ అడిగాడు.

"ఏమీ లేదు సర్," అంది సెవెంటీన్ పాసు మీద సంతకం కోసం పెన్ను అందిస్తూ. "ఉచ్చారణ మాత్రం అచ్చం అన్నయ్యదే."